మేనమామ ముంత

మాఘ శుద్ధ దశమి, గురువారం. పొద్దెక్కి ఒక జాము దాటి రెండు గడియలైంది. మల్లవరం సంస్థానంలో రంగప్ప నాయనివారు కొలువు తీరి, తమ ఉయ్యాలబల్లకి వెండి గొలుసులు కావాలన్నారు.

మా అత్తగారు ఈ కథ ఎప్పుడు ఎత్తుకున్నా తిథీ వారమూ చెప్పిగానీ ముందుకు కదిలేవారు కాదు. నేనూ అలాగే చెబుతున్నాను.

బొక్కసం చూసే లింగరసుగారు లేచారు. ఆయన ఏ మాటైనా ముందు కండువా సవరించుకుని, తర్వాత తన చిన్నతనం తలుచుకుని చెప్పేవారట.

"గొలుసులకి వెండికేం లోటు ప్రభూ, కాకపోతే అదంతా మన పాఠశాల విద్యార్థులు తినేస్తున్నారు. నెలకి మనిషికి ఆరు రూకలు భృతి. రెండు చాలు. నేను చదువుకునే రోజుల్లో రెండు రూకలతోనే నెల గడిపాను. మిగిల్చాను కూడా."

రాజుగారికి ఆ మాట నచ్చింది. గొలుసులు అంతకన్నా నచ్చాయి.

"విద్యార్థుల్లో ఒకణ్ణి పిలిపించండి. రెండు చాలవని ఈ పూట నాకు నచ్చజెబితే ఆరూ ఉంటాయి. లేదా, వచ్చే నెల నుంచి రెండే."

పిలుపు యజ్ఞన్నగారికి వచ్చింది. ఆయన మా అత్తవారి వంశంలో వెనకటి తరం పెద్ద. అప్పటికి తర్కం చదువుతున్నారు, ఇంకో ఏడాది మిగిలి ఉంది. పాఠశాల వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు, కొత్త కాపురం. భృతి అందిన వారం ఇంట్లో పరవాన్నం ఉండేది. నెల తిరిగేసరికి ఇల్లుగలావిడ, కావడి నీళ్ళు పోసే అతను, కట్టెలమ్మి, నూనె కొట్టువాడు ఒకరి వెనక ఒకరు గుమ్మంలో నిలబడేవారు. నెల చివరి రోజుల్లో ఇంటి దీపం ఆర్పేసి, దేవుడి ముందు ప్రమిద వెలుగులో ఆయన చదువుకునేవారట. ఆరు రూకలకే ఆ మాదిరి. రెండయితే చదువు కట్టిపెట్టి ఊరికి పోవడమే.

"వెళ్ళి ఏం చెబుతారు?" అని అడిగారు భార్య అక్కమ్మగారు.

"ముందు ఆయన చెప్పేది వింటాను."

"స్వామికి దణ్ణం పెట్టుకుని వెళ్ళండి. అక్కడ గొంతు పెంచకండి."

ఆయన పెంచలేదు.

"ఏమయ్యా, రెండు రూకలు చాలవంటావా?" అన్నారు రాజుగారు.

"చాలు ప్రభూ."

లింగరసుగారు కండువా సవరించుకున్నారు.

"కాకపోతే గడిపే పద్ధతి మాకు తెలీదు," అన్నారు యజ్ఞన్నగారు. "లింగరసుగారు గడిపి చూసినవారు. సెలవిస్తే నాలుగు మాటలు అడిగి నేర్చుకుపోతాను."

"అడుగు నాయనా, అడుగు," అన్నారు లింగరసుగారు. అలా అడిగేవాడి కోసం ఆయన చాలా ఏళ్ళుగా చూస్తున్నారు.

"తమరి చదువు రోజుల్లో ఇంటి అద్దె ఎంత ఉండేదండీ?"

"అద్దేమిటి? మా మేనమామ ఇల్లు. మండువా లోగిలి. మేడ మీద గది నాకే ఇచ్చేశాడు."

"నీళ్ళ కావడికి?"

"మామ పెరట్లో నుయ్యి ఉండేది. పాలేరు తోడిపోసేవాడు."

"దీపానికి నూనె?"

"మామకి సొంత గానుగయ్యా. ఒక దీపం కాదు, రెండు వెలిగించుకుని చదివాను."

"మరి భోజనం?"

"ఆ మాట అడగకు. మా అత్తయ్య నెయ్యి వడ్డిస్తుంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టినా ఆగేది కాదు."

"అయితే ఆ రెండు రూకలూ దేనికయ్యేవండీ?"

లింగరసుగారు వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నారు.

"ఒకటి తమలపాకులకి. రెండోది మిగిల్చేవాణ్ణి."

యజ్ఞన్నగారు చేతులు కట్టుకుని రాజుగారి వైపు తిరిగారు.

"అంతా బోధపడింది ప్రభూ. రెండు రూకలు నిజంగానే చాలు. దాంతోపాటు తలా ఒక మేనమామని ఇప్పించండి."

రాజుగారి మీసం కొంచెం కదిలింది.

"మేనమామలు బొక్కసంలో ఉండరయ్యా."

"ఒకరున్నారు ప్రభూ."

అంటూనే ఆయన నాలుగడుగులు వేసి, లింగరసుగారి పాదాలకి నమస్కరించారు.

"మామయ్యగారూ, పాఠశాలలో మేం ఇరవైమందిమి. రేపు పొద్దున్నే పెట్టెలూ చాపలూ సర్దుకుని తమరింటికి వస్తాం. అత్తయ్యగారికి ముందే కబురు పెట్టండి. మాలో నెయ్యి వద్దనేవాళ్ళు లేరు."

"ఏమంటారు లింగరసుగారూ?" అన్నారు రాజుగారు.

లింగరసుగారు కండువా సవరించుకోబోయి మానేశారు. ఈసారి చిన్నతనం ఊసెత్తలేదు.

"ప్రభూ, ఇప్పటి ధరలకి ఆరు తక్కువే. ఏడిప్పించండి."

ముందు రాజుగారే నవ్వారు. తర్వాత కొలువంతా నవ్వింది. వెనక నించున్న వింజామరల వాళ్ళు కూడా మొహాలు పక్కకి తిప్పుకున్నారట. విద్యార్థులకి ఏడు రూకలూ, ఉయ్యాలకి ఇత్తడి గొలుసులూ ఖాయమయ్యాయి. యజ్ఞన్నగారికి ఒక శాలువా కప్పి, ఆ నెల భృతి అప్పటికప్పుడు చేతిలో పెట్టారు.

మర్నాడు శుక్రవారం. అక్కమ్మగారు తెల్లవారకముందే తలంటి పోసుకుని, దేవుడి మూల అలికి ముగ్గు పెట్టి, మట్టి ముంతలు వరసగా పేర్చారు. అద్దెకొకటి, నీళ్ళకొకటి, కట్టెలకొకటి, నూనెకొకటి. బియ్యం మాట ఎత్తకముందే ఎవరి వంతు వాళ్ళ ముంతలో వేసి, పైన గుడ్డ కట్టేశారు. కొత్తగా వచ్చిన ఏడో రూక కోసం అన్నిటికన్నా చిన్న ముంత ఒకటి తెచ్చారు. జ్వరం వస్తేనో, చెప్పకుండా చుట్టం దిగితేనో తప్ప దాన్ని ముట్టుకోకూడదన్నారు.

"దీన్నేమని పిలుద్దాం?" అని అడిగారు యజ్ఞన్నగారు.

"మేనమామ," అన్నారావిడ.

దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, అప్పుడు పొయ్యి వెలిగించారు.