చెయ్యి ఆనే చోటు

మాణిక్యాంబగారిని ప్రశ్న అడగదలిస్తే ఆ పూటకి వేరే పనేదీ పెట్టుకోకుండా వెళ్ళాలని ఆవిడ శిష్యురాళ్ళందరికీ తెలుసు. అడిగినదానికి ఆవిడ నోటితో జవాబు చెప్పడం అరుదు. వైరాగ్యం అంటే ఏమిటని అడిగినావిడ చేత అటకమీది ఇత్తడి సామానంతా దింపించి, తోమించి, వీధిలో అందరికీ పంచిపెట్టించారు. మనసు నిలవడం లేదని వాపోయినావిడ ముందు మినప్పప్పు చేట పెట్టి, రాళ్ళు ఏరమని పారాయణకి కూర్చున్నారు. కాకినాడలో ఆవిడ ఇంటి హాల్లో సాయంత్రాలు కొంతమంది ఆడవాళ్ళు చేరి స్తోత్రాలు నేర్చుకునేవారు. పారాయణ అయ్యాక ప్రసాదం, ప్రసాదం అయ్యాక ప్రశ్నలు. ప్రశ్నలకన్నా ప్రసాదానికే ఎక్కువమంది ఉండేవారని ఆవిడే నవ్వుతూ అనేవారు.

ఒక సాయంత్రం అందరూ చెప్పులేసుకుని వెళ్ళిపోయినా వకుళ మాత్రం చాప అంచు సర్దుతూ కూర్చుండిపోయింది.

"అమ్మగారూ, పట్టిన పట్టు విడవని పెద్దవాళ్ళకి గట్టిగా చెప్పాలా, మెత్తగా చెప్పాలా? నేను రెండూ చేసి చూశాను. రెండూ పనిచెయ్యలేదండీ."

ఆ పెద్దావిడ ఎవరో మాణిక్యాంబగారికి తెలుసు. వకుళ అత్తగారు సోమిదేవమ్మగారు. ఎనభై దాటిన మనిషి. తెల్లవారకుండానే తలారా స్నానం చేసి, దండెం మీద ఆరేసిన మడిబట్ట కట్టుకుని, ఎవరి నీడా తగలకుండా వంటింట్లోకి వెళ్ళి, బాలకృష్ణుడి విగ్రహానికి ఇంత అన్నం, పప్పు వండి నైవేద్యం పెట్టేదాకా మంచినీళ్ళయినా ముట్టరు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ అదే ఆవిడ దినచర్య. ఆ మధ్య ఒక రోజు స్నానాల గదిలో కాలు జారి పడ్డారు. ఎముక విరగలేదు కానీ తుంటి కమిలిపోయింది. వకుళ హడలిపోయింది.

"ఇకమీదట నేను లోపలికొచ్చి పట్టుకుంటేనే స్నానం. మడీ గిడీ తరవాత," అని ఆ భయంలో గట్టిగానే అనేసింది. తరవాత మనసు కరిగి, "పోనీ నేనూ మడి కట్టుకునే వచ్చి పట్టుకుంటానండీ," అని బతిమాలింది. సోమిదేవమ్మగారు దేనికీ ఎదురు చెప్పలేదు. "ఈ వయసులో స్నానాల గదిలో ఒకళ్ళ కళ్ళముందు నిలబడలేనే తల్లీ," అని మాత్రం అన్నారు. మర్నాటి నుంచి కోడలు పట్టుకుంటే తల వంచుకుని స్నానం చేస్తున్నారు. మడి కట్టుకున్నవాళ్ళయినా సరే, ఒకరు పట్టుకున్న స్నానం ఆవిడ లెక్కలో మడి కాదు కనక వంటింటి గడప తొక్కడం మానేశారు. స్వామికి తన చేత్తో నైవేద్యం లేదు కనక తానూ అన్నం మానేశారు. ఇంత పండు, ఇన్ని పాలు. అంతే. ముంజేతి ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి.

"ఒక్క మాట అనరండీ," అంది వకుళ. కళ్ళు తుడుచుకుంది. "తిట్టినా బావుణ్ణు. నేను ఆవిణ్ణి కాపాడుకుంటున్నానో, చేజేతులా పోగొట్టుకుంటున్నానో తెలియడంలేదు."

మాణిక్యాంబగారు ఖాళీ ప్రసాదం గిన్నె పక్కకి జరిపారు.

"మీ స్నానాల గది గోడ ఎలాంటిదే?"

వకుళ తెల్లబోయింది. "టైల్సండీ. వెనక సిమెంటు గోడ. మేకు కొడితే మేకే వంగిపోతుంది."

"పట్టుకోవడానికి ఏదీ లేదా?"

"రబ్బరు గిన్నెలతో అతుక్కునే పిడి ఒకటి తెచ్చానండీ. మొదటిరోజే ఊడి చేతిలోకొచ్చింది. ప్లంబరు ఇవాళ, రేపు అంటున్నాడు. వచ్చినా, ఎవరో మగమనిషి తన స్నానాల గదిలో అడుగు పెడితే ఆవిడ ఇంక ఆ గదిలోకే వెళ్ళరు."

"అయితే రేపు నాతో బజారుకి రా. గోడకి కన్నం పెట్టే మిషను కొందాం."

"నేను అడిగింది అది కాదండీ..."

"తెలుసు. సంచీ మర్చిపోకు."

మర్నాడు ఇనపసామాన్ల కొట్లో వాళ్ళిద్దర్నీ చూసి కొట్టతను కరీముల్లా కుర్చీలోంచి లేచాడు. "రండమ్మా. కొబ్బరి కోరామా?"

"హేమర్ డ్రిల్లు," అన్నారు మాణిక్యాంబగారు.

అతను ఒకసారి ఆవిణ్ణీ, ఆవిడ నుదుటి మీది కుంకాన్నీ చూసి, నవ్వు మింగి, లోపల్నుంచి ఒక భారీ మిషను తెచ్చి బల్లమీద పెట్టాడు. బల్ల దడదడలాడింది. "ఇది చూడండి. శ్లాబులు కూడా లేపేస్తుంది."

"ఇదే తీసుకుందామండీ," అంది వకుళ. "కొంటే గట్టిదే కొనాలి."

"చేతులు చాపి గోడకేసి పట్టుకో. నేను ఒక శ్లోకం చదువుతాను. అయ్యేదాకా దించకూడదు."

మాణిక్యాంబగారు కళ్ళు మూసుకుని శ్లోకం ఎత్తుకున్నారు. రెండో పాదం దగ్గరే వకుళ మోచేతులు వణికాయి. మూడో పాదానికి మిషను మొన గోడమీంచి నేలచూపులు చూసింది.

"శ్లోకం కాస్త గబగబా చదవండమ్మా, పాపం," అన్నాడు కరీముల్లా.

"నేను తొందరపడినా గోడ తొందరపడదయ్యా. ఇంకోటి చూపించు."

ఇంకోటి బొమ్మలా తేలిగ్గా ఉంది, ధర కూడా బాగా తక్కువ. వకుళ ప్రాణం అటు లాగింది. కానీ తిరుగుతూనే గోడని కొట్టే సుత్తి దెబ్బ అందులో లేదట. "చెక్కకైతే బేషుగ్గా ఉంటుంది. సిమెంటు మీద పెట్టారనుకోండి, మిషను వేడెక్కుతుంది, మీరూ వేడెక్కుతారు, గోడ మాత్రం చల్లగా ఉంటుంది," అన్నాడతను.

మూడోది తెచ్చాడు. మరీ బరువు లేదు. పక్కనుంచి రెండో చేత్తో పట్టుకోవడానికి పిడి ఉంది. ధర కూడా ఇంటివాళ్ళకి అందేదే. మాణిక్యాంబగారు దాన్ని పసిపిల్లని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు.

"మెల్లిగా నొక్కితే మెల్లిగా తిరుగుతుందా?"

"తిరుగుతుందమ్మా."

"సుత్తి దెబ్బ ఆపేసుకోవచ్చా?"

"పైన మీట ఉంది. ఇటు తిప్పితే సుత్తి, అటు తిప్పితే ఉత్తి తిరుగుడే. అయినా ఆపేయడమెందుకమ్మా? దానికోసమేగా కొనేది!"

"గోడ మీద టైలుంది నాయనా," అన్నారావిడ.

కరీముల్లా తల పంకించి, కన్నం తొలిచే బిట్లలో టైలుకి పనికొచ్చే సూదిమొనది ఒకటి, సిమెంటుకి పనికొచ్చేది ఒకటి విడిగా తీశాడు. కన్నంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టాలు, స్క్రూలు కట్టాడు. పట్టుకునే కడ్డీల్లో మెత్తటి రబ్బరు తొడుగున్నది చూపిస్తే మాణిక్యాంబగారు వద్దన్నారు. "ఉత్త స్టీలుదివ్వు. రబ్బరు తొడుగున్నది సోమిదేవమ్మగారు మడిలో ముట్టుకోరు." ఈ సంగతి వకుళకి తట్టనే లేదు. చేతికి మెత్తగా ఉంటుందని ఆ తొడుగున్నదాని మీదే అప్పటికి చెయ్యి వేసింది కూడా.

మాణిక్యాంబగారితో ఇంటికి రాగానే వకుళ కొత్త మిషనుని పీటమీద పెట్టి, పసుపు రాసి, పైన ఇంత పెద్ద కుంకంబొట్టు పెట్టి, హారతిచ్చింది. ఆ ఇంట్లో కొత్త గ్రైండరు వచ్చినా, పిల్లాడి సైకిలు వచ్చినా అదే మర్యాద. ఆమె భర్త ఫణి నీళ్ళ గొట్టాలు గోడలో ఎటునుంచి ఎటు వెళ్ళాయో చూపించి, "అత్తాకోడళ్ళ మధ్య ఆయుధం ఒకటే తక్కువైంది, అదీ వచ్చింది," అని గొణుక్కుంటూ అవతలికి పోయాడు.

వకుళ కుళాయి పక్కన, తన భుజం ఎత్తున, పెన్సిలుతో గుర్తు పెట్టింది. మాణిక్యాంబగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారే తప్ప ఏమీ అనలేదు. వకుళ రెండు చేతులా మిషను పట్టుకుని, లోలోపల దేవుణ్ణి తలుచుకుని నొక్కింది. గదంతా దడదడమంది. టుప్పుమని చప్పుడైంది. టైలు ఈ మూలనుంచి ఆ మూలకి పగిలింది.

ఆమె మిషను దించేసింది. "సుత్తి ఆపేశాననే అనుకున్నానండీ! మీట దగ్గర గుర్తు కనబడలేదు..."

మాణిక్యాంబగారు వచ్చి మిషను చేతిలోకి తీసుకున్నారు. మీట దగ్గర సుత్తి బొమ్మా, బిట్టు బొమ్మా చెక్కి ఉన్నచోట, సరిగ్గా వాటిమీదే, కుంకంబొట్టు ఎర్రగా మెరుస్తోంది. ఆవిడ కొంగుతో దాన్ని మెల్లిగా తుడిచారు.

"బొట్టు పెట్టు, తప్పులేదు. కళ్ళమీద పెట్టకు."

ఆ చప్పుడుకి సోమిదేవమ్మగారు గోడ పట్టుకుంటూ గదిలోంచి వచ్చారు. చాలా రోజుల తరవాత ఆవిడ తనంతట తాను పలకరించడం అదే. "ఏం పగిలిందే వకుళా? నీకేం తగల్లేదు కదా?"

"లేదండీ. మీరు పట్టుకోవడానికి కడ్డీ పెడదామని..."

ఆవిడ పగిలిన టైలుకేసి చూశారు. పెన్సిలు గుర్తుకేసి చూశారు. "అక్కడా? అక్కడ నేను పీటమీద కూర్చునుంటానుగా. కూర్చున్నదాన్ని ఎందుకు పడతానే? పైగా అంత ఎత్తున పెడితే, దాన్ని అందుకోవడానికి మళ్ళీ ఇంకో కడ్డీ కావాలి."

వకుళ పెన్సిలు గుర్తుని వేలితో చెరిపేసింది. పడ్డనాడు తను పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ నేలమీద ఉన్నారు. లేవదీసింది, మందు రాసింది, కేకలేసింది, ఏడ్చింది. ఏం చేస్తుండగా పడ్డారని ఈనాటిదాకా అడగలేదు.

"అత్తయ్యగారూ," అంది. "మరి మీకు ఎక్కడ కావాలండీ?"

సోమిదేవమ్మగారు కోడలి మొహంకేసి ఒక్క క్షణం చూశారు. తరవాత గదిలోకి వెళ్ళి విభూతి బరిణె తెచ్చుకున్నారు. అరచేతికి విభూతి రాసుకుని, స్నానాల గదిలోకి దిగి, తలుపు చట్రం పక్కన, నడుము ఎత్తున, టైలుమీద చెయ్యి ఆనించారు. "తడికాలుతో గడప దాటేటప్పుడు ఇక్కడ ఆనుకుంటాను. ఆనాడు చెయ్యి జారింది." చెయ్యి తీశారు. నీలం టైలుమీద అయిదు వేళ్ళూ తెల్లగా పడ్డాయి. చాలా చిన్న చెయ్యి.

ఆ ముద్ర రెండు పక్కలా కన్నాలు ఎక్కడెక్కడ రావాలో చూసుకుని, అక్కడల్లా వకుళ తన స్టిక్కరు బొట్టుబిళ్ళలు అంటించింది, నున్నటి టైలుమీద మొన జారకుండా. ఈసారి మీట రెండుసార్లు చూసుకుంది. సుత్తి ఆపి, సూదిమొన బిట్టు పెట్టి, వేలు ఆనీ ఆననట్టు నొక్కింది. మిషను బద్ధకంగా తిరిగింది. టైలు పొడి సన్నగా రాలింది. ఎంతకీ దిగకపోతే ఆమె మునివేళ్ళు కంగారుపడ్డాయి.

"ఉండవే, తొందరేం?" అన్నారు వెనకనుంచి సోమిదేవమ్మగారు. "దాన్ని తిరగనీ."

టైలు దాటాక బిట్టు మార్చి, మీట సుత్తి వైపు తిప్పింది. అప్పుడు గట్టిగానే నొక్కింది. సిమెంటు లొంగింది. గొట్టాలు దూర్చి, స్క్రూలు బిగించి, కడ్డీ నిలబెట్టేసరికి అత్తాకోడళ్ళిద్దరి జుట్టునిండా తెల్లటి దుమ్ము. మాణిక్యాంబగారు కడ్డీకి వేలాడినంత పనిచేసి లాగి చూశారు. కదలలేదు. సోమిదేవమ్మగారు చెంబుతో నీళ్ళు తెచ్చి దానిమీద పోశారు. "స్టీలేగా. నీళ్ళు పడితే చాలు, మడికి పనికొస్తుంది." వేళ్ళన్నీ దానిచుట్టూ ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచారు.

మర్నాడు తెల్లవారుతూనే వకుళ నడవలో నిలబడింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది, అవి వాటంతట అవి ముందుకు పోకుండా. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. బట్ట పిండిన చప్పుడు. తరవాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

తలుపు తెరుచుకుంది. మడిబట్టలో సోమిదేవమ్మగారు, చెయ్యి కడ్డీమీద ఉంది. ఒక కాలు గడప దాటింది. రెండో కాలు దాటింది. నడుము నిలిచాక చెయ్యి వదిలారు. "తప్పుకోవే, తగుల్తావు," అన్నారు. వకుళ గోడకి కరుచుకుపోయి దారి ఇచ్చింది. ఆ తిట్టులాంటి మాట విని ఎన్నాళ్ళయిందో.

కాసేపటికి వంటింట్లోంచి నేతి వాసన వచ్చింది, గంట మోగింది. ఆ రోజు సోమిదేవమ్మగారు విస్తరి ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించారు. "పప్పులో ఉప్పు మర్చిపోయాను. స్వామి ఏమనుకున్నాడో." అయినా రెండోసారి వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ, మామూలు మాట అన్నట్టు అన్నారు: "వకుళా, వంటింటి గడప దగ్గర కూడా ఒకటి బిగిస్తావుటే? అక్కడా కాస్త తూలుతున్నాను. ఎవరికీ చెప్పలేదులే."

ఆ సాయంత్రం పారాయణ అయ్యాక ప్రశ్నల వేళదాకా వకుళ ఆగలేకపోయింది. ప్రసాదం పంచుతుండగానే వెళ్ళి మాణిక్యాంబగారి పక్కన కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. చెపుతూ నవ్వింది, చెపుతూ ఏడ్చింది.

"అత్తయ్యగారు ఎంత మారిపోయారండీ! తనంతట తనే అడిగారు!"

మాణిక్యాంబగారు ఆమె చేతిలో ఇంత ప్రసాదం పెట్టారు.

"ఆవిడేం మారలేదే అమ్మాయ్," అన్నారు. "ఇంటికెళ్ళి, వంటింటి గడప దగ్గర చెయ్యి ఎక్కడ ఆనుతుందో అడుగు. ఇంకా వెలుగుంది."