దుప్పి చేసిన పథ్యం

అనగనగా ఒక అడవిలో ఒక దుప్పికి ఆకలి పోయింది. దాని పేరు కురంగి. తనతో కలిసి పెరిగిన అక్కను ఆ ఏడు వేసవిలో చిరుతపులి ఎత్తుకుపోయింది. నాటి నుండి కురంగికి మేత రుచించలేదు. నిద్ర పట్టలేదు. పాలు తగ్గసాగాయి. దానికి ఒక పసికూన ఉంది. కూన ఇంకా గడ్డి కొరకడం నేర్వలేదు. తల్లి పాలు ఎండితే దానికి వేరే ఆధారం లేదు.

కురంగి కొండముచ్చు వైద్యుని వద్దకు వెళ్ళింది. అతడు వృద్ధుడు, మితభాషి. కొమ్మ దిగి వచ్చి నాలుక చూశాడు, కళ్ళు చూశాడు, ఒక చేదుతీగను తెంపి ఇచ్చాడు.

"ఉదయం పూట ఈ ఆకు నమలు. పథ్యం మాత్రం తప్పకు," అన్నాడు.

పథ్యమంటే ఏమిటో కురంగికి తెలియదు. అడుగుదామనుకున్నది. ఇంత చిన్న మాట తెలియదా అని నవ్వుతాడేమోనని తలూపి వచ్చేసింది. పిల్లలూ, చిక్కు పడింది ఇక్కడే.

దారిలో నెమలి కనిపించింది.

"మామా, పథ్యమంటే ఏం చేయాలి?" అని అడిగింది కురంగి.

"మానేయాలి," అన్నది నెమలి గంభీరంగా. "లేత గడ్డి జోలికి పోకు. మొన్న తొలకరి గడ్డిలో తిరిగితే నా గొంతు బొంగురుపోయింది."

"నీ గొంతు ఎప్పుడూ అంతే కదా మామా?"

"పథ్యంలో ఉన్నవారు ఎదురు చెప్పరాదు. అదీ మానాలి."

కొంత దూరం పోగా ముళ్ళపంది ఎదురైంది. "వదినా, రాలిన మామిడికాయలు తినవద్దు. పులుపు తింటే నా ముళ్ళు జివ్వున లాగుతాయి," అన్నది.

"నాకు ముళ్ళు లేవు కదా?"

"అయితే మరీ ప్రమాదం. లాగినా తెలియదు."

చెట్టు తొర్రలోని గుడ్లగూబ ఈ మాటలన్నీ విన్నది. "అమ్మాయీ, గుంపులో మేయడం కూడా మాను. నలుగురిలో ఉంటే నాలుగు మాటలు పడాలి. నాతో ఎవరూ మాట్లాడరు. నాకేమైనా దిగులుందా?" అన్నది.

దాని కళ్ళు చూస్తే ఉన్నట్టే తోచింది. కానీ ఎదురు చెప్పడం మానింది గనుక కురంగి మాట్లాడలేదు.

అది మొదలు కురంగి ఒక పొద మాటున ఒంటరిగా ఉండిపోయింది. మిగతా మేత ఎలాగూ రుచించలేదు. పొద్దున్నే చేదాకు నమిలేది. అంతే. డొక్కలు లోపలికి పోయాయి.

"అమ్మా, పాలు రావడం లేదు," అన్నది కూన.

"ఓర్చుకో నాన్నా. పథ్యంలో ఉన్నాను."

ఒకనాటి ఉదయం కూన లేవలేదు. మూతితో తట్టినా తల ఎత్తలేదు. కురంగికి సిగ్గు ఎగిరిపోయింది. పరుగున పోయి కొండముచ్చును పిలుచుకొని వచ్చింది.

అతడు కూనను తాకి చూశాడు. తరువాత తల్లి వైపు తిరిగాడు. "ఏం తింటున్నావు?"

"లేత గడ్డి మానేశాను తాతగారూ."

"నేను అడిగింది అది కాదు. ఏం తింటున్నావు?"

"మామిడికాయలు మానేశాను. గుంపును మానేశాను."

"తినేది చెప్పమ్మా."

కురంగి చాలాసేపు ఆలోచించింది. "మీరిచ్చిన ఆకు," అన్నది.

కొండముచ్చు తల పంకించాడు. "పథమంటే దారి. ఒంటిని దారిలో పెట్టే ఆహారమే పథ్యం. అందులో మానేది సగం, తినేది సగం. ఆ ఆకు నోటి అరుచికే. కడుపు నింపదు. నేను వివరించలేదు, నీవు అడగలేదు."

"మరి దిగులుకు మందు ఏది తాతగారూ?"

"అక్క గుర్తుకు వస్తే ఏం చేస్తున్నావు?"

"పొదలో ఏడుస్తున్నాను."

"ఆ ఏడుపేదో గుంపులో ఏడువు. ఒంటరి దుప్పి ప్రతి అలికిడికీ తల ఎత్తాలి. ఎత్తిన తలకు గడ్డి అందదు."

అతడు చెట్టెక్కి లేత కొమ్మలు విరిచి కిందికి వేశాడు. ఆకుల చప్పుడుకు మంద అంతా వచ్చి చేరింది. ఒక పెద్ద దుప్పి కూన పక్కన పడుకొని తన పాలు పట్టింది.

"మీ అక్క లేని లోటు మాకూ ఉందే. నీ ఒక్కదానిదే అనుకున్నావా?" అన్నది.

కురంగి ఏడ్చింది. ఏడుస్తూనే ఒక ఆకు కొరికింది, తరువాత మరొకటి. పాలు ఒక్కనాటిలో తిరిగి రాలేదు. మందతో మేస్తూ, మాట్లాడుతూ ఉండగా మెల్లగా వచ్చాయి. కూన మునుపటివలె తలతో పొదుగును కుమ్మి కుమ్మి తాగసాగింది.

నెమలి మళ్ళీ వచ్చింది. "అమ్మాయీ, వట్టి ఆకులేమిటి? పురుగులు తిను. ఒంటికి ఎంతో బలం," అన్నది.

"అది నీకు పథ్యమా మామా, నాకు పథ్యమా?" అని అడిగింది కురంగి.

నెమలికి ఆ తేడా అంతవరకు తోచలేదు. ఆలోచించుకుంటూ వెళ్ళిపోయింది.

నీతి: తెలియని మాటను చెప్పినవారినే అడగాలి, ఒకరి ఒంటికి సరిపడినంత మాత్రాన అది మరొకరికి మందు కాదు.