ఒకే వైపు చెడిన ఫొటోలు

డాక్టర్ త్రినాథ్‌కు తవిటమ్మ ఒక తలనొప్పి అయి కూర్చుంది.

మనిషి మంచిదే. రమ్మన్న రోజుకు పలాసలో పాసింజరు బండెక్కి, చెల్లెలి కొంగు చివర పట్టుకుని, కంటి ఆస్పత్రికి వచ్చేస్తుంది. కళ్లలో మందు వేసి ఎంతసేపు కాచుకోమన్నా కిక్కురుమనదు. ఫొటో మాత్రం సరిగ్గా తీయించుకోదు.

వయసు మీద పడ్డాక కొందరికి కంటి వెనకున్న తెర మీద పసుపు చుక్కలు పడతాయి. చాలామందికి అవి అలాగే ఉండిపోతాయి. కొందరికి మాత్రం పెరిగి, ఒకదానిలో ఒకటి కలిసి, చివరికి ఆ చోట తెర ఎండిపోయి మచ్చ తేలుతుంది. ఆ తర్వాత చూపు నడిమధ్యలో ఏమీ ఉండదు. ఎదురుగా ఉన్న మనిషికి చెవులుంటాయి, జుట్టుంటుంది, మొహం ఉండదు. ఎండిపోయిన తెరను మళ్లీ బతికించే మందు లేదు.

ఎవరి కన్ను ఎప్పుడు అలా అవుతుందో ముందుగా పట్టిచ్చే ఆనవాళ్లను వెతకడం త్రినాథ్ పని. అందుకోసం కొందరు పెద్దవాళ్లను ఎంచుకుని, నాలుగు నెలలకోసారి రప్పించి, కంటి తెర పొరలన్నీ విడివిడిగా కనిపించేలా స్కాన్ ఫొటోలు తీసేవాడు. చుక్క ఎంత ఉబ్బింది, పొర ఎక్కడ పలచబడింది, పక్కన కొత్త మరకేమైనా లేచిందా అని చూసి లెక్క కట్టేవాడు. "ఈ కన్ను ఏడాది తిరక్కుండా పోతుంది" అన్నాడంటే పోవలసిందే. క్యాంటీన్లో తోటి డాక్టర్లు "రండి జోస్యుల వారూ" అని ఆట పట్టించేవారు. కోపం నటించేవాడు గానీ, లోలోపల పొంగిపోయేవాడు.

అతనికి ఈ విద్య నేర్పిన కామేశం గారు మాత్రం ఎన్నడూ మెచ్చుకోలేదు. తల నెరిసేదాకా కళ్లు చూస్తూ గడిపిన మనిషి, మాట పొదుపు. శిష్యుడు వచ్చి గొప్పగా ఒక జోస్యం చెబితే "ఊఁ" అని ఊరుకునేవారు. ఆ ఒక్క "ఊఁ" త్రినాథ్‌కు రోజంతా ముల్లులా గుచ్చుకునేది.

ఆ కార్తీక మాసంలో తవిటమ్మ మళ్లీ వచ్చింది. స్కాన్ గదిలో దీపాలార్పి, త్రినాథ్ ఆమెను మిషను ముందు కూర్చోబెట్టాడు.

"గడ్డం ఇక్కడ ఆనించండమ్మా. లోపల పచ్చ చుక్క కనిపిస్తోందా? దాన్నే చూడండి, నేరుగా."

"సూస్తన్నాను బాబూ."

"చూడట్లేదు. పక్కకి చూస్తున్నారు."

"నేరుగా సూస్తే అది మాయమైపోతంది బాబూ. ఇటు సూస్తేనే కనబడతంది."

"అదంతా నాకు చెప్పకండి. నేరుగా చూడండి, అంతే."

ఆవిడ పాపం తంటాలు పడింది. రెప్ప వెయ్యకుండా చూసి చూసి కళ్ల వెంట నీళ్లు కారాయి. ఫొటో మళ్లీ చెడింది. నడుమ ఉండాల్సిన చోటు ఓ మూలకు పోయింది. త్రినాథ్ విసుగ్గా లేచి బయటికొచ్చాడు.

బయట బెంచీ మీద చెల్లెలు అసిరమ్మ కూర్చుని ఉంది. మధ్యాహ్నపు ఎండలోనూ కొంగు నిండా కప్పుకుని ఉంది. అతన్ని చూసి లేచింది.

"బాబూ, ఒక మాటడగనా? నా మీద కోపమొచ్చినాదని మా అప్ప మీకేటైనా సెప్పినాదా?"

"నాకెందుకు చెబుతుందమ్మా?"

"నాతో మాటాడినప్పుడు నా మొకం సూడదు బాబూ. గోడకేసి సూసి మాటాడతాది. పోనీ అని నానే లేచి ఆ గోడకాడికెళ్లి నిలబడతాను. అప్పుడు మల్లీ ఇంకో పక్కకి తిరుగుతాది. ఇద్దరం ఒక్క బట్టీలో జీడిపప్పు ఏరినోలం, ఒక్క కంచంలో తిన్నోలం. నానేటి తప్పు సేసినానో తెల్దు."

అంత చదివినవాడికి అక్కడైనా తట్టాలి. తట్టలేదు. చెవి ఆమెకిచ్చాడు గానీ, మనసు చెడిన ఫొటో దగ్గరే ఉంది. "వయసమ్మా, పెద్దవాళ్లు అలాగే ఉంటారు" అనేసి గురువుగారి గదికి వెళ్లిపోయాడు.

"తవిటమ్మను ఈ పనిలోంచి తీసేద్దాం సార్" అన్నాడు. "ఎన్నిసార్లు తీసినా ఫొటోలు చెడగొడుతోంది. చెప్పిన మాట వినదు."

కామేశం గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. "చెడినవి ఉన్నాయా, పారేశావా?"

"ఉన్నాయి సార్. వేరే పెట్టాను."

"చూపించు."

త్రినాథ్ కంప్యూటర్లో వాటిని తెరిచి, మొదటిసారి వచ్చినప్పటి నుంచి వరసగా చూపించాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. అయిపోయాక "మళ్లీ" అన్నారు. మళ్లీ చూపించాడు.

"త్రినాథ్, అన్నీ ఒకే వైపు చెడ్డాయేం?"

త్రినాథ్ కంప్యూటరు మీదికి వంగి మళ్లీ చూశాడు. కన్ను నిలకడగా లేనివాళ్ల ఫొటోలు ఒకసారి ఇటు చెడతాయి, ఒకసారి అటు చెడతాయి. ఇవి అలా లేవు. మొదటి దాంట్లో నడుమ చోటు కాస్త జరిగింది. తర్వాతి దాంట్లో అదే వైపుకు ఇంకాస్త. ఆ తర్వాత ఇంకాస్త. మచ్చ ఎంత పెరిగితే అంత దూరం జరిగింది. తెర నడుమ ఎండిపోతే, తవిటమ్మ కన్ను బతికున్న చోటు వెతుక్కుంటూ పక్కకు పోయి అక్కడ కాపురం పెట్టింది. ఆమె చూడకపోవడమేమిటి, ఉన్న చూపంతా కూడగట్టుకుని చూసింది. ఆ చూపునే అతను ఇన్నాళ్లూ చెడిందని పక్కన పడేశాడు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ తెలివైనవాడి సిగ్గు ఎంతసేపుంటుంది? మరుక్షణం మొహం వెలిగింది.

"సార్, ఇదీ ఒక ఆనవాలే కదా! చూపు ఎటు ఎంత జరిగిందో కొలిస్తే, జబ్బు ఎంత ముదిరిందో చెప్పెయ్యొచ్చు. దీని మీద పేపరు రాయొచ్చు సార్."

"ఊఁ" అన్నారు కామేశం గారు. "ఆమెనూ, ఎప్పుడూ వెంట వచ్చే ఆ చెల్లెల్నీ లోపలికి పిలువు."

ఇద్దరూ వచ్చారు. తవిటమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన అసిరమ్మ వైపు తిరిగారు. ఆమె బుగ్గలను, కళ్లలోని కామెర్ల పచ్చదనాన్ని, కొంగు కింది సన్నటి చేతులను చూస్తూ ఒక్క క్షణం ఆగిపోయారు. త్రినాథ్ అప్పుడే ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడు.

కామేశం గారు ఆమె దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగారు.

"మీ అప్పకు నువ్వు కనిపించేలా చెయ్యగలనమ్మా. చెయ్యమంటావా?"

అసిరమ్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంది, విప్పింది.

"సెయ్యండి బాబూ" అంది చివరికి.

ఆయన ఆమెను కిటికీ వెలుతురు మొహం మీద పడేలా అక్క ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు. "ఏదైనా మాట్లాడుకోండి" అన్నారు.

"ఏటే అసిరీ, టీ తాగినావా?" అంది తవిటమ్మ. ఆమె చూపు చెల్లెలి ఎడమ భుజం దాటి వెనక గోడ మీద ఉంది. అలవాటు కొద్దీ అసిరమ్మ స్టూలు ఆ వైపుకు జరపబోయింది. కామేశం గారు ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

"కదలకమ్మా. నువ్వు అక్కడికి పోతే ఆమెకు నువ్వుండవు."

తర్వాత తవిటమ్మతో అన్నారు. "నేరుగా చూడొద్దు తల్లీ. ఎటు చూస్తే నీ చెల్లెలు కనిపిస్తుందో అటే చూడు. ఎవరేమనుకున్నా సరే. ఈమె కదలదు."

తవిటమ్మ బెదురుగా త్రినాథ్ ఉన్న దిక్కుకు ఒకసారి తిరిగింది, మళ్లీ తిడతాడేమోనని. త్రినాథ్ తల దించుకున్నాడు. అప్పుడామె మెల్లగా మొహం పక్కకు తిప్పి, గోడ మీదికి, కిటికీ చట్రం అంచుకు చూపు పంపి, అక్కడ నిలిపింది.



"కనబడతంది" అంది తవిటమ్మ. "ఓలమ్మ, కనబడతంది. నీ బొట్టు కనబడతంది అసిరీ. ముక్కు కనబడతంది."

ముసలి మొహం చంటిపిల్ల మొహంలా విప్పారింది. త్రినాథ్‌కు గుండె నిండిపోయింది. ఆ వెలుగు ఆమె మొహంలో ఎంతోసేపు లేదు.

"ఒసే, ఇదేటే? ఎంత సిక్కిపోనావే? బుగ్గలేవే నీకు?"

అసిరమ్మ గబుక్కున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏటైనాదే? సెప్పు."

"కడుపులో గడ్డప్పా" అంది అసిరమ్మ కొంగు వెనక నుంచి. "కోసినా లాబం నేదన్నారు. ఎండలు ముదిరేదాకా ఉంటే ఎక్కువన్నారు."

"నాకెందుకు సెప్పనేదే?"

"నీ కళ్ల బాదే నీకుంది కదా. రెక్క పట్టుకుంటే తెలిసిపోద్దని కొంగే పట్టుకోమన్నాను. నువ్వు నా మొకం సూడ్డం నేదని ఏడిసినాను. సూడకపోడమే మేలనీ అనుకున్నాను."

త్రినాథ్‌కు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. ఎందుకు చూపించాం, ఆమె మానాన ఆమెను గోడ వైపే చూడనివ్వక, అనుకున్నాడు. గురువు వైపు చూశాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి. కానీ అక్కడి నుంచి కదల్లేదు, ఆ స్టూలు పక్కనే అసిరమ్మ భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు.

తవిటమ్మ ఏడవలేదు. ఏడిస్తే కళ్లలో నీళ్లు నిండి ఆ కాస్తా కనిపించదని భయమేమో, రెప్పలు బిగబట్టింది. చూపు గోడ మీదే ఉంచి త్రినాథ్‌ను పిలిచింది.

"బాబూ, ఫొటోలు సూసి ఎవలి కన్ను ఎన్నాళ్లుంటాదో సెప్పేస్తావంట కదా. ఈ పక్క సూపు నాకు ఎండలు ముదిరేదాకా ఉంటాదా?"

త్రినాథ్‌ది అడక్కుండానే ఎందరికో చెప్పిన నోరు. ఇప్పుడు పెగల్లేదు.

"చెప్పు" అన్నారు కామేశం గారు. "అడుగుతోంది కదా."

లెక్క అతని కళ్ల ముందే ఉంది. మచ్చ ఇదే తీరున పెరిగినా, ఆ కన్ను కాపురమున్న చోటికి చేరడానికి వచ్చే ఎండలు పోయి, మరుసటి ఎండలు కూడా రావాలి. అందులో అనుమానం లేదు. ఇంత గట్టిగా అతను ఏ జోస్యమూ చెప్పి ఉండడు.

"ఉంటుందమ్మా" అన్నాడు. "అప్పటికి ఉంటుంది."

కొంగు వెనక అసిరమ్మ తల వంచుకుంది. ఏది ముందు అయిపోతుందో ఆమెకు అర్థమైంది. తవిటమ్మకూ అర్థమైంది. అయినా కిటికీ అంచు మీది నుంచి చూపు తిప్పలేదు. చెయ్యి మాత్రం చాచి, తడుముకుని, చెల్లెలి చేతిని పట్టుకుంది.

"కొంగు తియ్యే అసిరీ" అంది. "మొకం సూడనీ."