మాట పండుగనాడు రాని మాట

ముందు దుప్పటి సరిగ్గా కప్పుకో. కాళ్ళు నా మీద వెయ్యకు, అసలే మోకాళ్ళ నొప్పి. ఆ, ఇప్పుడు విను. ఊ కొట్టడం మానేశావో, నేనూ చెప్పడం మానేస్తాను.

అనగనగా, రాజుని తరిమేసిన ఒక ఊళ్ళో జరిగిన కథ ఇది. ఆ ఊరి పేరు సంతవేలూరు. రాజేం చేశాడంటావా? తన పుట్టినరోజుకి ఊరంతా పండుగ చెయ్యాలన్నాడు. తన పెళ్ళిరోజుకీ చెయ్యాలన్నాడు. చివరికి తన ఏనుగు ఈనిన రోజుకి కూడా చెయ్యాలన్నాడు. పంచాంగం నిండా ఆయనగారి రోజులే. జనానికి విసుగొచ్చి, ఓ రోజు కోటలోకి జొరబడ్డారు. రాజు దొడ్డిదారిన ఉడాయించాడు.

అప్పుడు కొత్త సర్కారు వచ్చింది. పదిమంది కూర్చుని కమిటీ అన్నారు. "పాత పంచాంగం చింపెయ్యండి, ఇక కాలం మనది" అన్నారు. నెలకి ముప్ఫై రోజులు, వారానికి పది రోజులు. ఆదివారం లేదు, సోమవారం లేదు. రోజుకో వస్తువు పేరు పెట్టారు. గుమ్మడి రోజు, పార రోజు, చేట రోజు, మేక రోజు. నవ్వకే, నిజంగానే! వంకాయ రోజున పుట్టిన ఓ పిల్లాణ్ణి, వాడు తాతయ్యేదాకా వంకాయ అనే పిలిచారట.

పన్నెండు నెలలకీ కలిపి మూడొందల అరవై రోజులయ్యాయి. ఇంకో అయిదు రోజులు మిగిలిపోయాయి. ఆ అయిదింటినీ ఏ నెలలోనూ కలపకుండా, ఏడాది చివర పండుగలు చేశారు. పని పండుగ, తెలివి పండుగ, మంచితనం పండుగ, మాట పండుగ, మెప్పు పండుగ. పాత పండుగలు మాత్రం ఎవరూ చెయ్యకూడదు. చేస్తే, ఏ వస్తువుతో చేశారో ఆ వస్తువు సర్కారు పట్టుకుపోతుంది.

ఇన్ని పేర్లు ఎవరికి గుర్తుంటాయి చెప్పు? అందుకని రోజు చాటడానికి ఒక మనిషిని పెట్టారు. ఆవిడే మన వెంకాయమ్మ. పొద్దున్నే కంచం మీద గరిటెతో కొట్టుకుంటూ, "ఇవాళ పార రోజహో!" అని వీధివీధీ తిరిగేది. అంతకుముందు ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచినవాళ్ళే లేరు. ఇప్పుడు మేడల్లో వాళ్ళు కూడా అరుగు దిగొచ్చి, "వెంకాయమ్మగారూ, రేపేం రోజండీ?" అని అడుగుతున్నారు. ఆ 'గారు' వినపడితే చాలు, ఆవిడకి కడుపు నిండిపోయేది.

వెంకాయమ్మ పక్కింట్లో నాగేంద్రం ఉండేది. నాగేంద్రమంటే ఆడమనిషేనే. ఇద్దరూ ఒదినా అంటే ఒదినా అనుకునేవాళ్ళు. నాగేంద్రానికి వాళ్ళత్తగారిచ్చిన ఇనప పెనం ఒకటుంది. పొద్దున్నే అరుగు మీద పొయ్యి వెలిగించి, అట్లు పోసి అమ్మేది. ఇల్లంతా దాని మీదే గడిచేది. అయినా మొదటి అట్టు మాత్రం అమ్మేది కాదు. "ఊరంతా తిరగాలి కదా ఒదినా, ఇది తిని వెళ్ళు" అని వెంకాయమ్మ చేతిలో పెట్టేది.

ఆ తర్వాత అట్లతద్ది వచ్చింది. కొత్త లెక్కలో అది చేట రోజు. మరి చందమామకి కొత్త లెక్క ఎవరు చెప్పాలి? ఆయన పాత లెక్కనే వచ్చాడు.

"రాజుగారి పండుగలు తీసేస్తే తీసెయ్యనీ ఒదినా. మధ్యలో గౌరమ్మేం చేసింది?" అంది నాగేంద్రం. రోజంతా ఉపవాసం ఉండి, చంద్రుణ్ణి చూసి, తలుపులు వేసుకుని అట్లు పోసింది. వాయనం పుచ్చుకోవడానికి ముత్తైదువ కావాలి కదా? వెంకాయమ్మని పిలిచింది.

అట్ల మీద కొంగు కప్పి, "ఇస్తినమ్మ వాయనం" అంది నాగేంద్రం. ఈవిడ కొంగు పట్టి, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది. అలా మూడుసార్లు అనాలి, అది పద్ధతి. ఆ తర్వాత వెంకాయమ్మ అక్కడే కూర్చుని, బెల్లం ముక్క నంజుకుంటూ ఒక్కటి కూడా మిగల్చకుండా తింది. చేసిన మనిషేమో ఎదురుగా కూర్చుని విసురుతోంది.

అట్ల వాసన దాచితే దాగుతుందా? తెల్లారేసరికి కమిటీ పెద్ద దాలినాయుడు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వీధిలోకి వచ్చాడు. కంచం పట్టుకుని బయల్దేరుతున్న వెంకాయమ్మ ఎదురుపడింది.

"రాత్రి ఈ వీధిలో ఎవరో పాత పండుగ చేశారట. ఎవరింట్లో వెంకాయమ్మగారూ?" అన్నాడు.

వెంకాయమ్మ చేతిలో కంచం వైపు చూసుకుంది. వాయనం పుచ్చుకున్నది తనేనని తెలిస్తే ఈ కంచం ఉండదు, ఈ 'గారు' ఉండదు. నోరు మెదపలేదు. గడ్డం మాత్రం మెల్లిగా పక్కింటి వైపు తిప్పింది. అంతే చేసింది. ఛీ, అది మాత్రం తక్కువా!

అప్పుడు వాళ్ళు నాగేంద్రం ఇంట్లోకి వెళ్ళి పెనం పట్టుకొచ్చారు. "ఏడాది ఆఖరుకి దీన్ని ఊరి పనికి వాడతాం" అన్నాడు దాలినాయుడు. "సరే, వాయనం ఎవరు పుచ్చుకున్నారు?" అని అడిగాడు. వెంకాయమ్మ తన గుమ్మం దగ్గరే కంచం పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరూ రాలేదు బాబూ. గౌరమ్మకే పెట్టుకున్నాను" అంది నాగేంద్రం.

గడ్డం సంగతి ఆవిడకి తెలీదు కదా మరి. తనతో పాటు ఒదిన కూడా నష్టపోవడం దేనికని అబద్ధమాడింది. చూశావా ఎంత పిచ్చితల్లో!

ఆ తర్వాత నాలుగు నెలలు నాగేంద్రం వాళ్ళింట్లో వీళ్ళింట్లో వడ్లు దంచింది. చేతులు బొబ్బలెక్కాయి. అయినా పొద్దున్నే గుమ్మంలోకొచ్చి, "అట్టు లేదు, కాస్త మజ్జిగైనా తాగి వెళ్ళు ఒదినా" అనేది. వెంకాయమ్మ ఆ మజ్జిగ సగంలోనే వదిలేసేది. తిట్టినా బాగుండును అనుకునేది. చివరికి ఆవిడ కంటపడకుండా దొడ్డి వైపు నుంచి వెళ్ళడం మొదలెట్టింది.

వింటున్నావా, పడుకున్నావా? ఊ కొట్టు మరి.

అప్పుడు ఏడాది చివరి పండుగలు వచ్చాయి. పని పండుగనాడు ఊరంతా ఊడ్చారు. తెలివి పండుగనాడు పొడుపుకథలు వేసుకున్నారు. మూడోనాడు మంచితనం పండుగ. ఆ రోజు అందరూ ఇరుగుపొరుగుకి ఏదో ఒక మంచి చెయ్యాలి. వెంకాయమ్మ చేటడు బియ్యం తీసుకుని నాగేంద్రం ఇంటికి వెళ్ళింది. ఈ రోజు చెప్పేద్దాం అనే వెళ్ళింది.

"నువ్వు తప్ప నాకెవరున్నారు ఒదినా" అని నాగేంద్రం కళ్ళొత్తుకుంది. ఇంకేం చెప్తుంది? బియ్యం పోసేసి, ఖాళీ చేట చంకలో పెట్టుకుని వచ్చేసింది.

నాలుగోనాడు మాట పండుగ. ఆ రోజు ఎవరేం మాట్లాడినా శిక్ష లేదు. కమిటీ వాళ్ళని మొహం మీద తిట్టొచ్చు. తప్పు చేసినవాళ్ళు ఒప్పుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఒకడు లేచి, దాలినాయుడు కమిటీలో కూర్చుని గురక పెడతాడన్నాడు. ఇంకొకావిడ లేచి, పది రోజులకోసారి సెలవిస్తే మా ఎద్దు ఒప్పుకోవట్లేదు, దాంతో మీరే మాట్లాడండి అంది. అందరూ పగలబడి నవ్వారు.

ఆ తర్వాత వెంకాయమ్మ వంతు వచ్చింది. నాలుగు నెలల్నుంచీ మనసులో చెప్పుకుంటున్న మాటే. 'వాయనం నేను పుచ్చుకున్నాను, చూపించిందీ నేనే.' ఇంతకన్నా ఏమీ లేదు. అరుగెక్కింది. ముందు వరసలో నాగేంద్రం కూర్చుని, మాట్లాడు ఒదినా, భయమేంటి, అన్నట్టు తలాడించింది.

వెంకాయమ్మ నోరు తెరిచింది. "దాలినాయుడుగారికి ఒక మీసం పాత లెక్కన, ఒక మీసం కొత్త లెక్కన పెరుగుతున్నాయండోయ్!" అంది.

జనం గొల్లుమన్నారు. నాగేంద్రం కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంకాయమ్మ అరుగు దిగి, ఇంటికెళ్ళి, గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం తినలేదు.

అయిదోనాడు మెప్పు పండుగ. ఊళ్ళో బాగా పనిచేసిన వాళ్ళకి బహుమానాలిచ్చే రోజు. "ఏడాదంతా ఒక్క రోజు కూడా తప్పు చెప్పని వెంకాయమ్మగారూ, రండి" అని పిలిచారు. ఆవిడ కంచం కొట్టీకొట్టీ బీటలిచ్చింది కదా, అందుకని కొత్తది చేయించారట. దాలినాయుడు బట్ట తీశాడు. ఏముంది కింద? నాగేంద్రం పెనం. అంచున చిల్లు పొడిచి, పట్టుకోవడానికి తాడు కట్టారు.

"ఇక రేపట్నుంచి దీని మీద కొట్టి రోజు చాటండి. మూడు వీధులకి వినపడుతుంది. తీసుకోండి" అని చేతిలో పెట్టాడు.

వెంకాయమ్మ రెండు చేతులా పెనం అందుకుంది. ఏదో ఒకటి అనాలి కదా, అందరూ చూస్తున్నారు. ఆ నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా?

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

ఆడవాళ్ళు నోటి మీద చెయ్యేసుకున్నారు. దాలినాయుడు మొహం చిట్లించి, "ఈ మాట కిందటిసారి ఎప్పుడన్నావు?" అని అడిగాడు.

రోజు అడిగితే టక్కున చెప్పడం ఆవిడకి అలవాటు కదా. "చేట రోజు" అనేసింది.

చేట రోజంటే ఊళ్ళో ఎవరికి గుర్తులేదు? నాగేంద్రం తలుపులు వేసుకుని అట్లు పోసిన రోజు. అప్పుడిక దాచడానికేం మిగల్లేదు. "అవును, నేనే పుచ్చుకున్నాను. నేనే తిన్నాను. పొద్దున్నే గడ్డంతో చూపించిందీ నేనే" అని ఏడ్చింది. గడ్డం మాట విన్నాక నాగేంద్రం లేచి నిలబడింది.

అప్పుడు కమిటీ వాళ్ళు గుసగుసలాడుకుని తీర్పు చెప్పారు. నాగేంద్రం తన వంతు అనుభవించింది, పెనం ఆవిడకిచ్చెయ్యాలి. వెంకాయమ్మ ఇక రోజు చాటక్కర్లేదు. నాలుగు నెలలు సంత ఊడవాలి.

నాగేంద్రం పెనం చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది. వెంకాయమ్మ వెనకాలే పరిగెత్తింది. "ఒదినా! చెప్పేశాను ఒదినా!" అంది.

నాగేంద్రం ఆగింది. వెనక్కి తిరగలేదు. "నువ్వు చెప్పలేదు. నీ నోరు జారింది. జారకపోతే రేపు పొద్దున్న నా పెనాన్ని కొట్టుకుంటూ నా గుమ్మం ముందు నుంచే వెళ్ళేదానివి" అంది. లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

అదీ నిజమే కదా.

ఆ తర్వాత ఏడాదంతా ఇద్దరి మధ్యా మాటల్లేవు. అరుగు మీద మళ్ళీ పొయ్యి వెలిగింది. వెంకాయమ్మ చీపురు పట్టుకుని తలొంచుకుని పోయేది. సంత ఊడ్చే గడువు అయిపోయింది, సిగ్గు మాత్రం అయిపోలేదు. గారు లేదు, ఒదినా లేదు. గారు పోయినందుకు ఆవిడకి పెద్ద బెంగ లేదు. ఒదినా అనే పిలుపు కోసమే మొహం వాచిపోయింది.

మళ్ళీ మాట పండుగ వచ్చింది. ఈసారి ఎవరూ పిలవకుండానే వెంకాయమ్మ అందరికన్నా ముందు అరుగెక్కింది. మీసాల మాట ఎత్తలేదు, ఎద్దుల మాట ఎత్తలేదు.

"కిందటేడు నా నోరు జారితే నిజం బయటపడింది. నేను చెప్పలేదు. ఇవాళ చెప్తున్నాను. నాకు అన్నం పెట్టిన మనిషిని నేను పట్టిచ్చాను. భయంతో కాదు, నన్ను గారూ అంటున్నారన్న మురిపెంతో. కిందటేడు ఇక్కడే నిలబడి మిమ్మల్ని నవ్వించాను, అందులో ఆవిణ్ణి కూడా నవ్వించాను. అది తలుచుకుంటే నాకిప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు" అంది.

ఎవరూ నవ్వలేదు. వెంకాయమ్మ దిగి నాగేంద్రం పక్కనుంచి నడిచింది. చూడ్డానికి కూడా ధైర్యం లేదు పాపం.

"విన్నాను" అంది నాగేంద్రం.

ఒక్క మాటే. ఒదినా అనలేదా అంటావా? అనలేదు. నేనైతే అనేదాన్నేమో, ఆవిడ అనలేదు. కానీ ఏడాదికి అది మొదటి మాట. వెంకాయమ్మ ఆ ఒక్క మాటా పట్టుకుని ఇంటికెళ్ళి, గోడవైపు తిరక్కుండా పడుకుంది.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
కునుకేమో కంటికి,
దాచుకున్న మాటేమో నోటికి.