తులసమ్మ పుట్టువెంట్రుకలు

ఎవరి తెలివి వాళ్ళకి ముద్దే. కానీ తెలివిని వడియాల్లా ఎండబెట్టి నలుగురికీ చూపించుకునే ఇల్లు కొండవంపు ఊళ్ళో ఒక్కటే ఉండేది. మా అమ్మమ్మ పుట్టింటి వైపు చుట్టాలు, వరాహాలు వాళ్ళది. చింతపల్లి కొండల్లో ఊరు. కార్తీకం దాటితే చాలు, తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పడి ఉంటుంది.

ఇంట్లో వరాహాలు, అతని భార్య నూకరత్నం, తమ్ముడు ముకుందం. ముగ్గురికీ ఒకటే గొప్ప: చెప్పింది చెప్పినట్టు చేస్తారు.

"ఊళ్ళోవాళ్ళు సగం వింటారు, అందులో పావు చేస్తారు. మా ఇంట్లో మాట కింద పడదు," అనేవాడు వరాహాలు మీసం దువ్వుకుంటూ.

అబద్ధమేమీ కాదు. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన, "నేనొచ్చేదాకా ఈ గొడుగు పట్టుకో నాయనా" అని ముకుందం చేతిలో గొడుగు పెట్టి సంతకు వెళ్ళి, అటునుంచి అటే బస్సెక్కేశాడు. ఇంకేముంది, ముకుందం నాలుగు రోజులు గొడుగు పట్టుకునే అన్నం తిన్నాడు, పట్టుకునే పడుకున్నాడు. అయిదో రోజు చెయ్యి లాగేస్తుంటే వరాహాలు అందుకున్నాడు. ఆ చుట్టం మళ్ళీ ఉగాదికి వచ్చాడు. అప్పటిదాకా గొడుగు కింద పడలేదు.

ఈ ముగ్గురినీ ఒక ఒడ్డుకు చేర్చుకుంటూ వచ్చింది అన్నదమ్ముల మేనత్త ఆండాళమ్మ. పిల్లా పాపా లేని మనిషి. ఆమె సంసారమంతా అరుగు మీది ఏడు కుండీలే. పుదీనా, మరువం, వాము ఆకు, కరివేపాకు, కలబంద, ఎవరో ఇచ్చిన మనీ ప్లాంటు, అన్నిటికంటే పెద్ద కుండీలో తులసి.

ఆ తులసికి ఒక మొక్కు ఉంది. వరాహాలు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు జ్వరం తగిలి, కళ్ళు తేలేశాడు. అప్పుడు ఆండాళమ్మ ఊరి వెంకన్న గుడి ముందు కూర్చుని, "స్వామీ, బిడ్డ బతికితే నలభై ముక్కోటి ఏకాదశులు నా చేత్తో పెంచిన తులసితో నీకు నూట ఎనిమిది దళాల మాల వేయిస్తాను" అంది. బిడ్డ బతికాడు. స్వామి ప్రాణం ఇచ్చాడు గానీ తెలివి సంగతి ఆమె అడగలేదు, ఆయన ఇవ్వలేదు. ఏటేటా ముక్కోటి వెళ్ళగానే పాత మొక్క గింజలు చల్లి కొత్త మొక్క పెంచేది. ముప్పై తొమ్మిది మాలలు అయ్యాయి. ఇది నలభయ్యోది. ఆఖరుది.

ఆ ఏడు భజన బృందంతో శ్రీరంగం వెళ్ళే అవకాశం వచ్చింది. ముక్కోటికి ఒకరోజు ముందే తిరిగి వచ్చేస్తారు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆండాళమ్మ చెప్పింది:

"ఒరే, మంచు పడకముందే కుండీలు లోపలికి తెచ్చెయ్యండి. చలికాలం మొక్కలకి దాహం తక్కువ. వేలు పెట్టి చూసి, తడి లేకపోతేనే నీళ్ళు పొయ్యండి. పొద్దున పూట కాస్త ఎండ చూపించండి. చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకోండి. ముక్కోటికి నా తులసి పచ్చగా ఉండాలి. ఈ ఒక్కసారికీ నా మాట నిలబెట్టండి నాయనా."

"అక్షరం పోదత్తా," అన్నాడు వరాహాలు.

అదే ఆమె భయం.

ఇంటికి రాగానే ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. మంచు పడకముందే అంది. మరి ఎప్పుడు పడుతుంది? పడ్డాక గానీ తెలియదు. సరే, కనిపెడదామని ముకుందం దుప్పటి కప్పుకుని కుండీల పక్కనే కాపలా కాశాడు. తెల్లవారుజామున మంచు పడింది. ముకుందం కేక వేశాడు.

"అన్నా, పడింది."

వరాహాలు లేచి వచ్చాడు. కుండీ ఎత్తబోయి ఆగాడు.

"ఇప్పుడు లోపలికి తీసుకెళ్తే పడ్డాక తీసుకెళ్ళినట్టు అవుతుంది కదరా. అత్త పడకముందు తెమ్మంది."

"అవునన్నా. ముందు అనేది ఇందాకే అయిపోయింది."

"మాట తప్పుదామా?"

"తప్పొద్దన్నా."

అంతే. కుండీలు మంచులోనే ఉండిపోయాయి. అన్నిటికంటే ముందున్న పుదీనా పొద్దెక్కేసరికి ఉడికిన తోటకూరలా వాలిపోయింది.

మధ్యాహ్నం నూకరత్నానికి బుర్ర వెలిగింది. "ఏవండీ, ఇవాళ్టి మంచుకి వేళ మించిపోయింది గానీ, రేపటి మంచు ఇంకా పడలేదు కదా. ఇప్పుడు తీసుకెళ్తే పడకముందే అవుతుంది."

వరాహాలు తమ్ముడి వైపు తిరిగాడు. "చూశావా, మీ వదిన. ఇంత బుర్ర పెట్టుకుని పప్పు రుబ్బుకుంటోంది."

కుండీలు లోపలికి మోశారు. కానీ లోపల అంటే ఎక్కడ? వసారా లోపలే గానీ, నట్టింట్లోంచి చూస్తే అది బయట. నట్టిల్లు లోపలే గానీ, గదిలోంచి చూస్తే అదీ బయటే. గదిలో తాతలనాటి భోషాణం ఉంది. దానికంటే లోపల ఇంట్లో ఇంకేదీ లేదు. ఇంకేముంది, పాత బొంతలు తీసి అవతల పడేసి, ఆరు కుండీలూ భోషాణంలో దించి మూత వేశారు. తులసి కుండీ పట్టలేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. "వడ్రంగిని పిలిచి భోషాణం పెద్దది చేయిద్దాం, అందాకా ఇక్కడుండనీ" అని వంటింటి కిటికీలో, గిన్నెలు కడిగే చోటు పక్కన పెట్టి, ఆ సంగతి మర్చిపోయారు.

మర్నాడు పొద్దున ఎండ చూపించే పని. ముకుందం భోషాణం మూత ఎత్తి, ఒక్కో కుండీనీ కిటికీ దగ్గరకు ఎత్తి పట్టుకుని, "అదుగో, ఎండ" అని చూపించి మళ్ళీ లోపల పెట్టి మూత వేశాడు.

"అంతేనా? పెళ్ళిచూపులకైనా అంతకంటే ఎక్కువసేపు చూపిస్తారు," అంది నూకరత్నం.

"చూపించమంది వదినా. అందులో కూర్చోబెట్టమనలేదు."

ఇక నీళ్ళు. ఆ పని నూకరత్నానిది. అంట్లు తోమి లేచి, మట్టిలో వేలు పెట్టి, పైకి తీసి చూసుకుంది. వేలు తడిగా ఉంది. "తడి ఉంది, పొయ్యక్కర్లేదు," అంది. మర్నాడు బియ్యం కడిగి వచ్చి పెట్టింది. తడే. ఆ మర్నాడు బట్టలు ఉతికి వచ్చి పెట్టింది. అప్పుడూ తడే.

"అత్తయ్య చెప్పింది ఎంత నిజం. చలికాలం వీటికి దాహమే లేదు," అని ఆశ్చర్యపోయింది. పది రోజులు చుక్క నీళ్ళు పొయ్యలేదు. మరువం పొడి పొడి అయింది. కరివేపాకు ఒక్కో ఆకూ రాల్చుకుని పుల్లయింది. మిగిలినవి పసుపుపచ్చగా మారాయి.

అప్పుడు కాస్త కంగారు పడ్డారు. సంతలో మొక్కలమ్మే పోలయ్యను అడిగారు. పోలయ్య బేరంలో ఉండి, వీళ్ళ మొహం కూడా చూడకుండా అన్నాడు: "చలికాలం మొక్కలు నిద్రలోకి పోతాయి బాబూ. ఎదగవు. ఎరువు వెయ్యకండి, కదిలించకండి."

ఇంకేముంది, ఇంటికొచ్చి వేళ్ళ మీద నడవడం మొదలుపెట్టారు. వరాహాలుకు తుమ్ము వస్తే వీధిలోకి పరిగెత్తి తుమ్మి వచ్చేవాడు. కాఫీ గింజలు కొనడానికి ఎవరైనా వచ్చి గట్టిగా పిలిస్తే, "మెల్లగా, పిల్లలు పడుకున్నారు," అని ముకుందం గుసగుసలాడేవాడు.

"ఎవరి పిల్లలు?"

"అత్తవి."

పిల్లలు అనుకోగానే నూకరత్నానికి ఆఖరి మాట గుర్తొచ్చింది. చంటిపిల్లల్లా చూసుకోమంది కదా, ఇన్నాళ్ళూ లాల పొయ్యలేదే. నాలుక కరుచుకుంది. నువ్వుల నూనె వెచ్చజేసి వాము ఆకుకి, కలబందకి, మనీ ప్లాంటుకి ఆకు ఆకునా పట్టించి మర్దనా చేసింది. కాగులో నీళ్ళు పొగలు కక్కుతుంటే చెంబుతో పోసింది. పోసి, జలుబు చేస్తుందని భోషాణంలో సాంబ్రాణి ధూపం పెట్టి మూత బిగించింది.

మూత తీసేసరికి ఒక్క ఆకు నిలబడి లేదు.

"ఎంత గాఢంగా నిద్రపోయాయో," అంది నూకరత్నం కొంగుతో చెమట తుడుచుకుంటూ. "లాల పోస్తే పిల్లలు ఇలాగే పడుకుంటారు."

ముగ్గురూ కళ్ళు చెమర్చేంత సంతోషపడ్డారు.

ముక్కోటి ఇంకా రెండు రోజులుందనగా ముకుందం మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి, కిటికీ వైపు చూసి నిలబడిపోయాడు.

"వదినా, దీన్ని మర్చిపోయాం."

తులసి ఏపుగా పెరిగి ఉంది. పొద్దుటి ఎండ నేరుగా పడే కిటికీ. గిన్నెలు కడిగి నూకరత్నం విదిలించిన చేతి నీళ్ళే దానికి నీళ్ళు. ఎవరూ ఏమీ చెయ్యలేదు కాబట్టి ఆకులు కొమ్మ కనబడనంత ఒత్తుగా కమ్ముకున్నాయి, పైన వెన్నులు కూడా వేసింది.

ముగ్గురికీ తల కొట్టేసినట్టయింది.

"పాపం తల్లి లేని పిల్ల," అన్నాడు వరాహాలు. "లాల లేదు, ధూపం లేదు, కునుకైనా తియ్యకుండా ఎలా నిలబడి ఉందో చూడు. అత్తకి ఏ మొహం పెట్టుకుని చెబుతాం?"

"నూనె వెచ్చజెయ్యనా?" అంది నూకరత్నం.

తులసమ్మ గండం ఇక్కడ రావలసింది. కానీ నూకరత్నమే ఆగింది. ఆకుల్ని అటూ ఇటూ నిమిరి చూసింది.

"ఏవండీ, ఈ పిల్లని నాటింది ఎప్పుడు?"

"పోయిన ముక్కోటికి."

"అంటే ఎల్లుండికి ఏడాది నిండుతుంది. ఇంకా పుట్టువెంట్రుకలు తియ్యలేదు కదండీ. ఏడాది దాటితే మళ్ళీ మూడో ఏడుదాకా తియ్యకూడదు."

వరాహాలు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఎంత ప్రమాదం తప్పింది," అన్నాడు.

మర్నాడు మంచి గడియ చూశారు. పుట్టువెంట్రుకలు మేనమామ ఒళ్ళో తియ్యాలి. అత్త పెంచిన పిల్లకి మేనమామ అంటే వీళ్ళ నాన్న. ఆయన కాలం చేశాడు. పెద్దకొడుకుగా నేను కూర్చుంటానన్నాడు వరాహాలు.

"అన్నా, అత్త కూతురంటే నీకు మరదలు కదా," అన్నాడు ముకుందం.

నూకరత్నం కత్తెర పట్టుకుని మొగుడి వైపు ఒక చూపు చూసింది. "ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కూర్చోబెట్టుకున్నారు గానీ, మాటలేమీ పెట్టుకోకండి."

అంతే. వరాహాలు ఒళ్ళో కుండీ, నూకరత్నం చేతిలో కత్తెర, ముకుందం చేతిలో తెల్లటి పంచె. ఒక్క ఆకు నేల మీద పడకుండా, గోవింద గోవింద అనుకుంటూ, చిగురు నుంచి మొదలు దాకా తీసేశారు. మోడైన కొమ్మకి చందనం పూశారు. చలికి మంకీ క్యాప్ తొడిగారు. పిల్ల ఒక్కతే గుండుతో ఉంటే చిన్నబుచ్చుకుంటుందని అన్నదమ్ములిద్దరూ గుండ్లు కొట్టించుకున్నారు. మొదటి జుట్టు దేవుడిది, ఇంట్లో ఉంచుకోకూడదు కాబట్టి పంచె మూట పట్టుకెళ్ళి వెంకన్న గుడిలో అర్చకుడి చేతిలో పెట్టారు. ఆయన మూట విప్పి చూసి, "మొక్కా?" అన్నాడు. "మొక్కేనండి" అన్నాడు వరాహాలు.

ఆ సాయంత్రమే ఆండాళమ్మ బస్సు దిగింది. అరుగు మీద మేనల్లుళ్ళిద్దరూ నున్నటి గుండ్లతో కూర్చుని ఉన్నారు. చేతిసంచి జారిపోయింది.

"ఎవరు పోయారురా?"

"ఎవరూ పోలేదత్తా," అన్నాడు ముకుందం మెల్లగా. "అందరూ నిద్రపోతున్నారు."

భోషాణం చూపించారు. ఆండాళమ్మ మూత ఎత్తింది, దించింది. "నా తులసి?" అంది. చూపించారు. ఆమె మంకీ క్యాప్ తీసింది. చందనం పూసిన పుల్లలు.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. "ముప్పై తొమ్మిదేళ్ళు నడిపించాడు. ఆఖరి మెట్టు మీద జారాను. రేపు ఏ మొహంతో ఉత్తర ద్వారం దగ్గర నిలబడను? నీ ప్రాణానికి మొక్కుకున్నానురా వరాహాలూ. ఆకులేం చేశారు?"

"దేవుడికి ఇచ్చేశామత్తా."

ఆమెకు ఆ మాట చెవికి ఎక్కలేదు. ఏడుస్తూనే ఉపవాసం పట్టింది.

తెల్లవారుజామున గుడికి వట్టి చేతులతో వెళ్ళింది. ఉత్తర ద్వారంలోంచి తల ఎత్తి చూడడానికి ధైర్యం చాలలేదు. అర్చకుడే పిలిచాడు.

"ఆండాళమ్మా, కళ్ళు తెరిచి చూడు. నిన్న మీవాళ్ళు మొక్కని చెప్పి తులసి తెచ్చి ఇచ్చారు. నూట ఎనిమిది దళాలతో మాల కట్టగా తీర్థంలోకీ మిగిలింది. ఈ ఏటి తులసి ఎప్పుడూ లేనంత ఒత్తుగా ఉంది. ఏం చేశావు?"

స్వామి మెడలో పచ్చటి మాల. ఆమె రెండు చేతులూ పైకి లేచాయి. తన పని చేయించుకోవడానికి ఆయన ఎవరినైనా వాడుకుంటాడు, తెలివిగలవాళ్ళే కావాలని పట్టుబట్టడు. అర్చకుడు పక్కకు తీసిన వెన్నులు ఇస్తే కొంగున ముడి వేసుకుంది. ఆ గింజల్ని ఇంటికి తీసుకెళ్ళకుండా నేరుగా పోలయ్య పెరట్లో చల్లించింది.

ఇంటికొచ్చి మోడు మొక్కను అరుగు మీద ఎండలో పెట్టింది. వేళ్ళు బతికే ఉన్నాయి, చిగురిస్తుంది. ఇప్పుడు వీళ్ళకి ఏం చెప్పాలి? చాలాసేపు ఆలోచించింది. ఎటు తిప్పినా చెడగొట్టడానికి వీల్లేని మాట ఒకటి దొరికింది.

"ఇకనుంచి ఈ మొక్క విషయంలో మీరు ముగ్గురూ ఏమీ చెయ్యకండి. అంతా నేను చూసుకుంటాను."

"అక్షరం పోదత్తా," అన్నాడు వరాహాలు.

మాఘమాసం వచ్చింది. మోడుకి నాలుగు చిగుళ్ళు వచ్చాయి. ఆండాళమ్మ వాటికి పసుపు కుంకుమ పెట్టి, స్నానానికి వెళ్ళింది. ముగ్గురూ అరుగు మీద వరసగా కూర్చుని ఉన్నారు. వీధిలోంచి ఒక మేక అరుగెక్కింది.

"మేక వచ్చింది," అన్నాడు ముకుందం.

"వచ్చింది," అన్నాడు వరాహాలు.

"చిగురు వాసన చూస్తోంది."

"చూస్తోంది."

ముకుందం చెయ్యి కాస్త పైకి లేచింది. నూకరత్నం ఆ చెయ్యి పట్టుకుని కిందకి దించింది. "అత్తయ్య ఏం చెప్పింది?"

ముకుందం సిగ్గుపడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. మేక నాలుగు చిగుళ్ళూ తింది, పుల్లలు తింది, వెళ్తూ వెళ్తూ అరుగు మీద పడి ఉన్న మంకీ క్యాప్ కూడా నోట కరుచుకుని పోయింది.

తడి తలకి తుండు చుట్టుకుంటూ ఆండాళమ్మ బయటికి వచ్చింది. ఖాళీ కుండీ చూసింది, వీళ్ళని చూసింది. వరాహాలు లేచి నిలబడి, మీసం దువ్వుకుని, గుండె నిండా ఊపిరి పీల్చుకుని చెప్పాడు:

"మేం ఏమీ చెయ్యలేదత్తా."