అరుగు కన్నా ఎత్తైన బండి

ఆశ్రమంలో చిదంబరయ్య గారి దగ్గర ప్రశ్నకు వెంటనే జవాబు దొరకదు. అడిగినవాడు అడిగి ఊరుకోవాలి. ఆయన చింతపండు ఈనెలు తీస్తూనో, వత్తులు చేస్తూనో, ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి మొదలుపెడతారు. ఇష్టమైతే వినాలి. వాదించాలనుకున్నవాళ్ళు ఆయన దగ్గర ఎక్కువ కాలం నిలవరు.

ఆ ఆదివారం ప్రశ్న అడిగినవాడు పురుషోత్తం. కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు. ఆ ఉదయం ఆశ్రమానికి ఒక కాంట్రాక్టరు ఇంత ఎత్తు బండిలో వచ్చి, నడిచి వచ్చినవాళ్ళందరి మీదా దుమ్ము కొట్టించి దిగాడు. పురుషోత్తం ఇంకా భుజాలు దులుపుకుంటూనే ఉన్నాడు.

"గురువుగారూ, కొండలెక్కడానికీ ఏరులు దాటడానికీ చేసిన బండ్లండీ అవి. వీళ్ళు వాటిని కొని ఫంక్షన్ హాళ్ళ ముందు నిలబెడతారు. చక్రానికి బురద అంటితే విలవిల్లాడతారు. ఏ లెక్కన చూసినా ఆ బండి ఆ ఖరీదు చేస్తుందంటారా?"

గురువుగారు చింతపండులోంచి ఒక గింజ తీసి పక్కన పెట్టారు.

"చేస్తుందో చేయదో నాకు తెలియదు నాయనా. రావులమిట్ట సువార్తమ్మ ఒకటి కొన్నది. ఆ సంగతి తెలుసు" అన్నారు. తర్వాత ఆయన చెప్పినది ఇది.

రావులమిట్టలో పెద్దరోడ్డు మీద బస్సు దిగినవాళ్ళు దళితవాడకు పోవాలంటే నడివీధిలోంచి పోవాలి. ఇంకో దారి ఉంది, వాగు గట్టున. అది ఎండాకాలం రాళ్ళు, వానాకాలం బురద. సువార్తమ్మ చిన్నప్పుడు వాళ్ళ పల్లె జనం, అంటే ఆ వాడవాళ్ళు, నడివీధిలో నడవవచ్చు గాని చెప్పులు చేత్తో పట్టుకు నడవాలి. సైకిలు ఉన్నవాడు దిగి నడిపించుకుపోవాలి. వీధికి అటూ ఇటూ నడుమెత్తు అరుగులు. వాటి మీద కూర్చున్నవాళ్ళు ఎవరు దిగారో, ఎవరు దిగలేదో చూస్తుండేవాళ్ళు.

ఆమె తండ్రి ఏసోబు ఆ ఊరికి పోస్టుమేను. ఆ వీధి వాళ్ళకు వచ్చిన ఉత్తరాలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. సర్కారు ఉద్యోగి అయినా సరే, చెప్పులు సైకిలు హ్యాండిలుకు తగిలించి, వట్టి కాళ్ళతో ఇంటింటి ముందూ ఆగి, అరుగు అంచున ఉత్తరం పెట్టి పోయేవాడు.

ఒకరోజు సువార్తమ్మకు ఒళ్ళు కాలిపోతున్న జ్వరం. డాక్టరు పెద్దరోడ్డు మీద ఉంటాడు. ఏసోబు పిల్లను వెనక కూర్చోబెట్టుకుని, ఆ కంగారులో దిగడం మరిచి వీధి సగం దాకా తొక్కుకుంటూ వచ్చేశాడు. పెద్దింటి కామందు అరుగు మీద నుంచి పిలిచాడు. కేకలు వేయలేదు. నవ్వుతూనే అన్నాడు.

"ఏరా ఏసోబూ, దాని మీద నువ్వెక్కావుగా? ఇప్పుడు నీ మీద అదెక్కాలి."

ఏసోబు సైకిలు నెత్తిన పెట్టుకుని మిగిలిన వీధంతా నడిచాడు. జ్వరంతో తూలుతున్న పిల్ల ఆయన చొక్కా చెరుగు పట్టుకుని వెనకాల నడిచింది. చక్రం ఒకటి గాలికి తిరుగుతూనే ఉందట. ఆ తర్వాత ఆయన ఆ మాట ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు.

సువార్తమ్మ పెరిగి, గ్రానైటు క్వారీలో కూలికి పోయింది. భర్త పోయాక టిప్పరు తోలడం నేర్చుకుంది. ఆడమనిషి టిప్పరు తోలడమేమిటని నవ్వినవాళ్ళ ముందే తోలింది. క్వారీలవాళ్ళు పారేసే వంకర రాళ్ళను కొని, కోయించి, పాలిషు పట్టించి అమ్మింది. ఒంగోలు దగ్గర సొంతంగా చిన్న ఫ్యాక్టరీ పెట్టింది. తండ్రిని తన దగ్గరికి తెచ్చుకుంది.

కాలం మారింది. రావులమిట్ట నడివీధికి సిమెంటు రోడ్డు వచ్చింది. ఎవరూ ఎవరినీ సైకిలు దిగమనడం మానేశారు. కానీ పల్లెలో పెళ్ళయితే ఊరేగింపు వాగు గట్టునే పోయేది. ఎందుకని ఎవరైనా అడిగితే, మొదటినుంచీ అంతే కదా అనేవాళ్ళు. ఇక ఏసోబు సంగతి. సువార్తమ్మ తన పాత చిన్న కారులో ఆయనను ఊరికి తీసుకుపోయిన ప్రతిసారీ వీధి మొదట్లో, "ఆపమ్మా, కాళ్ళు పట్టేశాయి, కాస్త నడుస్తా" అనేవాడు. చెప్పులు విడిచి చేత పట్టుకుని, తల దించుకుని వీధంతా నడిచి, అటు చివర మళ్ళీ కారెక్కేవాడు. వద్దు నాన్నా అని ఆమె బతిమాలింది, కోప్పడింది. ఆయన వినలేదు. ఆ చిన్న కారులో కూర్చున్నా అరుగుల మీదివాళ్ళ మోకాళ్ళే ముఖానికి ఎదురుగా వస్తాయి. అది సువార్తమ్మ ఒకసారి ఆయన సీట్లో కూర్చుని చూసుకుంది.

పల్లెలో కొత్త చర్చి కడుతున్నప్పుడు దాని నేలకు రాయంతా ఆమే ఇచ్చింది. ప్రారంభం రోజున పల్లెలో అందరికన్నా పెద్దవాడైన ఏసోబు తలుపు తెరవాలని పెద్దలు అనుకున్నారు. ఆ మాట విన్న మర్నాడే సువార్తమ్మ బండ్ల షోరూముకు పోయింది.

అక్కడి కుర్రాడు బండి ఎంత లోతు నీళ్ళలో పోతుందో, ఎంత ఏటవాలు ఎక్కుతుందో, సీటు ఎన్ని రకాలుగా చల్లబడుతుందో చెబుతున్నాడు. ఆమె అవేవీ వినలేదు. స్టీరింగు ముందు కూర్చుని, "అబ్బాయ్, నువ్వు పోయి బయట ఆ నడుమెత్తు గట్టు మీద కూర్చో" అంది. వాడు అయోమయంగా పోయి కూర్చున్నాడు. ఆమె అద్దంలోంచి వాడి ముఖం చూసింది. తన కళ్ళకన్నా రవ్వంత కిందకే ఉంది.

"చాలు. ఇది ఇవ్వు" అంది.

ఇంట్లో కొడుకు దిలీపు నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఆ డబ్బుతో ఫ్యాక్టరీకి ఇంకో రెండు పాలిషు మిషన్లు వస్తాయన్నాడు. అంతగా పెద్ద బండిలోనే పోవాలంటే ఆ ఒక్కపూటకు టాక్సీ మాట్లాడదామన్నాడు.

"టాక్సీలో పోతే ఎవరి దయతోనో పోయినట్టుంటుందిరా" అంది సువార్తమ్మ. "మీ తాత తన బండిలో తాను పోవాల."

ప్రారంభం రోజు ఉదయం ఆమే తోలుకుంటూ బయలుదేరింది. పక్కన తండ్రి. కొత్త పంచె, కొత్త చెప్పులు. ఊరు దగ్గర పడేకొద్దీ ఆయన మాటలు తగ్గిపోయాయి. వీధి మొదట్లోకి రాగానే అలవాటుగా అన్నాడు.

"ఆపమ్మా. కాస్త నడుస్తా."

"ఇవాళ దిగొద్దు నాన్నా."

"నీకు తెలవదులే తల్లీ. ఆపు."

ఆమె ఆపలేదు. ఆయన వంగి చెప్పులు విడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కొంత దూరం పోయాక బండి ఆపక తప్పలేదు. పెద్దింటి ముందు వీధికి అడ్డంగా ట్రాక్టరు, దాని వెనక తగిలించిన ట్రక్కు. ఆ పాత కామందు ఎప్పుడో పోయాడు. ఆయన మనవడు రమణబాబు అరుగు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. పల్లెవాళ్ళు చర్చి పేరుతో ఇవాళ వీధిలో ఊరేగింపు తీస్తారని అతనికి ఎవరో చెప్పారు. సువార్తమ్మ అద్దం దించి ట్రాక్టరు తీయమంది.

అతను లేచి బండి చుట్టూ చూశాడు. చూపులో ముచ్చట కూడా కనబడింది. అలాంటిది కొనాలని అతనికీ ఉంది.

"డ్రైవరు లేడక్కా. అయినా నీదెక్కడికైనా పోయే బండి గదా? రాళ్ళా, నీళ్ళా, దానికి లెక్కలేదంటగా. అట్టా వాగులోంచి తిప్పుకుపో" అన్నాడు.

అరుగుల మీద ఒకరిద్దరు నవ్వారు. సువార్తమ్మ ట్రాక్టరు వైపు చూసింది. వాగులోంచి ఆ బండి పోతుంది. చిన్న కుదుపు కూడా తెలియకుండా పోతుంది. అవతల చర్చి దగ్గర జనం ఎదురుచూస్తున్నారు. పక్కన తండ్రి దిగిపోవడానికి తలుపు పిడి పట్టుకున్నాడు. ఒక్కసారి వెనక్కి తిప్పితే చాలు, అందరికీ మంచిదే.

"ఎక్కడికైనా పోతుందనే కొన్నా తమ్ముడూ" అంది. "అందుకే ఇట్టానే పోతా."

ఇంజను ఆపి, తాళంచెవి తీసి రొంటిన దోపుకుంది.

రమణబాబు మళ్ళీ కూర్చున్నాడు. ఎండ ఎక్కింది. ముందు ట్రాక్టరు, వెనక ఈ బండి. వీధిలో పిల్లి దూరేంత సందు లేదు. ట్రాక్టరు అవతల, పెద్దరోడ్డుకు పోవలసిన పాలవ్యాను వచ్చి నిలిచింది. హారను కొట్టింది. స్కూటర్లు వచ్చి నిలిచాయి. ఎవరో వచ్చి ఆమెతో మంచిగా చెప్పి చూశారు, ఎవరో గట్టిగా చెప్పి చూశారు. ఒకాయన, "ఆడమనిషికింత పంతమా" అన్నాడు. ఆమె అందరికీ ఒకే మాట చెప్పింది, "ట్రాక్టరు తీయించండి" అని. కేకలు వేయలేదు, కిందికి దిగలేదు. చర్చి దగ్గర నుంచి పాస్టరు ఫోను చేసి, "అమ్మా, గొడవెందుకు, వాగు దారిన రండి" అన్నాడు. "తలుపు తాత తీయాలన్నది మీరేగా అయ్యగారూ. ఆయన వచ్చేదాకా ఉండండి" అని పెట్టేసింది.

ఏసోబు ఒక్కసారే నోరు తెరిచాడు. "వాళ్ళతో మనకెందుకమ్మా."

"నాకు జ్వరమొచ్చిననాడు నువ్వు దిగావు నాన్నా. నేను తూలుకుంటా నీ వెనక నడిచా" అంది సువార్తమ్మ. ఇన్నేళ్ళకు ఆ మాట ఆ ఇద్దరి మధ్యా బయటికి రావడం అదే. "ఇవాళ నేను దిగలేను."

ముసలాయన తలుపు పిడి మీద నుంచి చెయ్యి తీశాడు.

చివరికి ట్రాక్టరును కదిలించింది న్యాయమూ కాదు, జాలీ కాదు. వ్యానులో పాలు విరిగిపోయేట్టున్నాయి. అవి ఆ వీధి గేదెల పాలే. పోసినవాళ్ళంతా ఇళ్ళలోంచి వచ్చి రమణబాబు మీద పడ్డారు. నీ సరదాకు మా పాలు పారబోయాలా అని ఆడవాళ్ళు నిలదీశారు. డ్రైవరు లేడన్నవాడు తానే ఎక్కి ట్రాక్టరు పక్కకు తీశాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

బండి కదిలింది. "చెప్పులు తొడుక్కో నాన్నా" అంది సువార్తమ్మ.

ఆయన వెంటనే తొడుక్కోలేదు. కొంత దూరం అలాగే ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కటే కింద వేసి, కాళ్ళు దూర్చాడు. అద్దం మీద చెయ్యి వేసి అన్నాడు.

"మెల్లగా పోనీ."

భయపడుతున్నాడనుకుంది ఆమె. కాదు. ఆయన ఇళ్ళు చూస్తున్నాడు.

"ఇన్నేళ్ళు ఈ ఇళ్ళకు ఉత్తరాలిచ్చా. అరుగుల అంచులు తప్ప ఏం చూశా? ఆ మేడ మీద నెమలి బొమ్మలున్నాయమ్మా! ఎప్పుడు చెక్కించారో!"

వీధి అయిపోయింది. అటు చివర పల్లె జనం చేతులూపుతున్నారు. సువార్తమ్మ వాళ్ళ దగ్గర ఆపబోతుంటే ఆయన ఆమె భుజం తట్టాడు.

"వెనక్కి తిప్పు. ఇంకోసారి పోదాం."

చర్చి తలుపు ఇంకొంచెం ఆలస్యంగా తెరుచుకుంది.

ఆ ఏడాదే పల్లెలో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు వాళ్ళు ఊరేగింపుకు ఆ బండి అడిగారు. సువార్తమ్మ తానే తోలుకొచ్చి నడివీధిలో ఊరేగించింది. ఆ తర్వాతి పెళ్ళికీ బండే. మూడో పెళ్ళికి ఆమె ఊళ్ళో లేదు. వాళ్ళు కాసేపు వీధి మొదట్లో నిలబడి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, డప్పులు గట్టిగా వాయించుకుంటూ నడిచే పోయారు. ఎవరూ అడ్డం రాలేదు. ఇప్పుడా బండి ఎక్కువగా షెడ్డులోనే ఉంటుంది. దిలీపు అమ్మేద్దామంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

గురువుగారు చెప్పడం ముగించి, చింతపండు గిన్నెలోకి సర్దుకున్నారు. పురుషోత్తం భుజాలు దులుపుకోవడం ఎప్పుడో మానేశాడు. కానీ ప్రతిదానికీ లెక్క చూసేవాడు కదా, ఒక సందేహం మిగిలిపోయింది.

"ఆమె గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాలి గురువుగారూ. కాదనను. కానీ నేనడిగింది బండి గురించి. రాళ్ళలో, గుట్టల్లో పోగలిగినదాన్ని అంత పోసి కొని, ఆమె నడిపింది నున్నటి సిమెంటు రోడ్డు మీదే కదా?"

చిదంబరయ్య గారు లేస్తూ అతని వైపు చూశారు.

"ఆ రోడ్డు నున్నగా ఉందని నీకెవరు చెప్పారు నాయనా?"