తొండ కొలిచిన జొన్నకర్ర

తెల్లగుండం అడవిలో, చెట్లు పలచబడ్డ చోట, అడవిజొన్న దట్టంగా పెరిగేది. ఆ కర్రల మీద గూళ్లు కట్టుకుని చిట్టెలుకలు, గడ్డిపిట్టలు బతికేవి. గూడు కట్టేముందు ముసలి తొండను అడగడం అక్కడి ఆచారం.

గాలికి కర్ర వంగగానే తొండ తల ఆడించడం మొదలుపెట్టేది. కర్ర మళ్లీ నిటారుగా నిలిచేసరికి ఎన్నిసార్లు తల ఆడిందో అదే కొలత. మూడైతే గట్టి కర్ర. అయిదు దాటితే ఎవరూ దాని జోలికి పోరు.

కడుపుతో ఉన్న సన్నమ్మ అనే చిట్టెలుకకు తొండ ఒక కర్ర కొలిచి పెట్టింది. అప్పటికి కంకి ఇంకా తొంగిచూస్తోందంతే.

"మూడు! నిశ్చింతగా కట్టుకో, తల్లీ," అంది.

సన్నమ్మకు ఆ గూట్లోనే నలుగురు పిల్లలు పుట్టారు. పక్క కర్ర మీది గడ్డిపిట్టకు ఇద్దరు. ఈలోగా గింజలు పాలు పోసుకుని కంకులు బరువెక్కాయి.

ఒక సాయంత్రం గాలికి గూడున్న కర్ర వంగింది. ఎంతకీ పైకి లేవదే! సన్నమ్మ తొండలాగే తల ఆడిస్తూ లెక్కపెట్టింది. ఏడు. మళ్లీ గాలి వీచింది. మళ్లీ ఏడే.

పరుగున వెళ్లి, "తాతా, కంకి బరువెక్కింది. ఒక్కసారి వచ్చి మళ్లీ కొలవవా?" అని బతిమాలింది.

తొండకు రోషం వచ్చింది. "మీ అమ్మమ్మ గూటికీ కొలత నాదే. నేను మూడన్నాక మూడే!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మరి.

"పెద్దవాడివి, నిన్ను కాదనలేను. కానీ పిల్లలు నావాళ్లు," అని సన్నమ్మ వెనుదిరిగింది. పిల్లలను ఒక్కొక్కరినే నోట కరుచుకుని దించి, తుమ్మపొద మొదట్లో దాచింది. గడ్డిపిట్టతో కూడా, "నీ పిల్లలకు రెక్కలొచ్చాయిగా, కిందికి దించెయ్యి," అంది.

"తొండ తాత కంటే నీకెక్కువ తెలుసా?" అంది పిట్ట.

మర్నాడు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. తన మాట నెగ్గించుకోవడానికి తొండ సన్నమ్మ వదిలిన కర్ర చివరికంటా ఎక్కి కూర్చుంది. గాలివాన విరుచుకుపడింది.

"ఒకటి... రెండు... మూడు..."

కర్ర లేవలేదు. నాలుగు అనడానికి తొండకు నోరు రాలేదు. కర్ర మొదలంటా ఫెళ్లున విరిగి, పక్క కర్రనూ తనతో పడగొట్టింది.

వాన వెలిశాక తొండ నడుం విరిగి బురదలో పడి ఉంది. కదలని పిల్లల చుట్టూ గడ్డిపిట్ట అరుస్తూ తిరుగుతోంది. తన మాటే నిజమైందన్న సంతోషం సన్నమ్మకు లేదు. పిట్ట పక్కన చాలాసేపు కూర్చుంది.

ఆ తర్వాత తొండను ఎవరూ కొలత అడగలేదు. అయినా ఇప్పటికీ గాలి వీస్తే చాలు, అది తల ఆడిస్తుంది. మూడు దగ్గర ఆగదు. కర్ర నిలిచేదాకా లెక్కపెడుతూనే ఉంటుంది.

నీతి: నిన్నటి కొలత నిన్నటికే. బరువు మారినా మళ్లీ కొలవనివాడు తనతోపాటు తనను నమ్మినవాళ్లనూ ముంచుతాడు.